కొండకు వెళ్లి కొండను చూడటం ఎలా: శేషాచలం అడవులకు ఒక దారిచూపు

తెలుగునాట ఎవరైనా ‘కొండకు వెళ్లొచ్చాం’ అంటే ఏ కొండకని ఎవరూ అడగరు. దర్శనం ఎన్ని గంటల్లో అయిందని అడుగుతాం, గది దొరికిందా అని అడుగుతాం, లడ్డూలు ఎన్ని తెచ్చారని అడుగుతాం. కొండ ఎలా ఉందని మాత్రం అడగం. ఏటా కోట్ల మంది ఎక్కి దిగే ఆ కొండ చుట్టూ 353 చదరపు కిలోమీటర్ల శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఉందనీ, దానిని కలుపుకొని తిరుపతి నుంచి కడప వైపుకు 4,755 చదరపు కిలోమీటర్ల శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు, అంటే జీవజాలాన్ని కాపాడే రక్షిత ప్రాంతం, పరుచుకొని ఉందనీ ఘాట్ రోడ్డు మలుపుల్లో కళ్లు మూసుకొని కూర్చునే మనకు గుర్తుండదు. దర్శనం టికెట్లు, వసతి గదుల సంగతి చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక ఈ వ్యాసంలో ఆ జోలికి పోవడం లేదు. దర్శనానికి ముందు ఒక రోజు, తరువాత ఒకటి రెండు రోజులు చేతిలో ఉన్నవారు కొండను కొండగా ఎలా చూడవచ్చో మాత్రమే ఇక్కడ ఉంది.

చూడటానికి ఒక వరుస ఉంది. ముందు రాయిని చూడాలి, తరువాత నీటిని, ఆ తరువాతే చెట్టును. నీళ్లు ఎక్కడ ఊరతాయో రాయి నిర్ణయిస్తుంది, చెట్లు ఎక్కడ నిలుస్తాయో రాయీ నీరూ కలిసి నిర్ణయిస్తాయి, మనుషులు ఏ దారిన నడిచారో, ఎక్కడ ఆగి దేవుణ్ణి నిలుపుకున్నారో ఆ మూడూ కలిసి నిర్ణయించాయి. ఈ వరుసను తలకిందులు చేసి నేరుగా జలపాతం దగ్గరకు వెళ్లేవారికి ఫొటోలు దక్కుతాయి కానీ కొండ అర్థం కాదు.

ఎక్కకముందే చూడవలసింది

శేషాచలాన్ని చూడటం తిరుపతిలోనే, ఒక్క మెట్టయినా ఎక్కకముందే మొదలుపెట్టాలి. ఊళ్లో కొండ బాగా కనిపించే ఏదైనా మేడ మీదికి గానీ, అలిపిరి వైపు వెళ్లే దారిలో ఎదురుగా అడ్డం లేని చోటుకు గానీ వెళ్లి, పొద్దుటి ఎండ పడ్డాక కొండను అడుగు నుంచి పైకి నెమ్మదిగా చూడండి. అడుగుభాగం ఏటవాలుగా, గుండ్రని బండలతో, పొదలతో నిండి ఉంటుంది. కొంత ఎత్తుకు వెళ్లేసరికి ఆ వాలు ఒక్కసారిగా ఆగిపోయి, కత్తితో కోసినట్టు నిట్టనిలువు గోడ లేస్తుంది. ఆ గోడ రంగు ఎర్రమట్టికీ కాషాయానికీ నడుమ ఉంటుంది. దాని నిండా పలకలు పేర్చినట్టు అడ్డగీతలు కనిపిస్తాయి. వాలు ఆగి గోడ మొదలయ్యే ఆ గీతే శేషాచలంలో చూడవలసిన మొట్టమొదటి వస్తువు.

గీతకు కింద ఉన్నది గ్రానైట్. భూమి తొలి యుగాలకు చెందిన రాయి అది. గీతకు పైన ఉన్నది నగరి క్వార్ట్జైట్ అనే రాయి. ఒకప్పుడు ఇక్కడ నిలిచిన సముద్రపు ఒడ్డున పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక బిగిసి, గట్టిపడి అలా అయింది. అడుగు రాయి ఏర్పడిన కాలానికీ, దాని మీద ఇసుక పేరుకోవడం మొదలైన కాలానికీ మధ్య కోట్లాది సంవత్సరాల విరామం ఉంది. ఆ విరామానికి సంబంధించిన పొర ఏదీ ఇక్కడ మిగలలేదు. పుస్తకంలో మధ్య పేజీలు చిరిగిపోయి మొదటి అధ్యాయం పక్కన పదో అధ్యాయం అంటుకున్నట్టు ఆ రెండు రాళ్లూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీనిని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూగర్భ స్మారక చిహ్నంగా గుర్తించింది. ఘాట్ రోడ్డు కోసం కొండను తొలిచిన చోట ఈ అతుకును చేతికందేంత దగ్గరగా చూడవచ్చు. చిన్నప్పటి నుంచి లెక్కలేనన్ని సార్లు కొండకు వెళ్లిన నేను కూడా ఆ అతుకును మొదటిసారి చూసింది ప్రయాణిస్తున్న వాహనం చెడిపోయి దారి పక్కన గంటసేపు నిలబడవలసి వచ్చిన రోజునే.

ఒక చిన్న సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఆదిశేషుడే ఈ కొండలుగా పరుచుకున్నాడనీ, ఆయన తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అనీ మన పెద్దలు చెబుతారు. భూగర్భ శాస్త్రం లెక్క ప్రకారం కూడా ఈ మూడు చోట్లూ ఒకే కుదురులోవి. కడప బేసిన్ అని పిలిచే, నెలవంక ఆకారంలో ఉన్న ఒకే పురాతన సముద్రపు పళ్లెంలో పేరుకున్న రాళ్లే శేషాచలం, వెలికొండలు, నల్లమల. కొండల వరుసను ఎక్కడా తెగకుండా కాలినడకన చూసినవారెవరో ఆ పాము బొమ్మను మొదట ఊహించి ఉంటారని నాకు అనిపిస్తుంది.

ఏ దారిన ఎక్కాలి

అతుకును కింద నుంచి చూశాక దానిని కాలితో దాటడానికి రెండు మెట్ల దారులు ఉన్నాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల నడక. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, నడక రెండు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. త్వరగా పైకి చేరాలనుకునేవారు రెండో దారిని ఎంచుకుంటారు. కొండను చూడాలనుకునేవారికి మాత్రం, కాళ్లు సహకరిస్తే, నేను అలిపిరినే సూచిస్తాను. ఆ దారి మొదట నిలువుగా ఎక్కి, మధ్యలో చదునుగా అడవిలో సాగి, చివర మళ్లీ నిలువుగా లేస్తుంది. ఆ ఎత్తుపల్లాలను బట్టే కింద ఏ రాయి ఉందో మోకాళ్లకు తెలిసిపోతుంది.

తెల్లవారుజామున బయలుదేరడం అన్ని విధాలా మంచిది. మెట్ల మొదట్లోనే తలయేరు గుండు అనే పెద్ద బండ ఉంటుంది; నడకలో నొప్పులు రాకూడదని యాత్రికులు తరతరాలుగా తలనూ మోకాళ్లనూ ఆ బండకు ఆనించి మొక్కుతూ వచ్చారు. ఒక్కసారి వంగి పక్కనుంచి చూడండి, రాతి మీద మోకాళ్లు తగిలే ఎత్తులో నున్నగా అరిగిన గుంటలు కనిపిస్తాయి. శాసనాలలో రాజుల పేర్లు ఉంటాయి, పేరు లేని జనం చరిత్ర ఈ గుంటల్లో ఉంది.

అక్కడి నుంచి గాలిగోపురం వరకూ ఉన్న ఎక్కుడే అసలు పరీక్ష. చాలామంది వెనక్కి తిరిగేదీ, సోడాలకూ మజ్జిగకూ ఎక్కువ ఖర్చు పెట్టేదీ ఇక్కడే. గాలిగోపురం దాటితే దారి తేలికవుతుంది. దీపాలు పెట్టినప్పుడు ఊళ్లోకి నామం ఆకారంలో కనిపించే ఈ గోపురం దగ్గర ఆగి వెనక్కి చూస్తే తిరుపతి పట్టణం మొత్తం, స్వర్ణముఖి పారే మైదానం కాళ్ల కింద ఉంటాయి. గోపురం దాటాక అడవి నడక మొదలవుతుంది. అవ్వాచారి కోన దగ్గర దారి లోయ అంచుకు వస్తుంది. ఆ చోట పది నిమిషాలు కూర్చోవడం నా దృష్టిలో తప్పనిసరి. ఎదుటి గోడ మీద రాతి పొరలు గీసినట్టు కనిపిస్తాయి, కింద లోయ అడుగున చెట్ల పచ్చదనం చిక్కగా ఉంటుంది, పైనున్న పీఠభూమి అంచున అదే చెట్లు పొట్టిగా, పలుచగా ఉంటాయి. కోన అంటే ఏమిటో నిఘంటువు చెప్పలేని విధంగా ఆ చోటు చెబుతుంది. చివరి ఎక్కుడును మోకాళ్ల పర్వతం అంటారు. పవిత్రమైన కొండను పాదాలతో తొక్కలేక రామానుజాచార్యులు మోకాళ్ల మీద ఎక్కారని ఐతిహ్యం.

ఈ దారి అడవిలోంచి పోతుందన్న మాటను మరచిపోకూడదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఒక చిన్నారి చిరుతపులి దాడిలో మరణించింది. ఆ తరువాత పిల్లలతో నడిచే వేళల మీద ఆంక్షలు పెట్టారు, యాత్రికులను గుంపులుగా పంపడం, చేతికర్రలు ఇవ్వడం మొదలుపెట్టారు. వేళలు సందర్భాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి బయలుదేరే రోజు ఉదయం అలిపిరిలోనే అడిగి తెలుసుకోవాలి. పిల్లలను ముందు పరుగెత్తనివ్వకూడదు, గుంపు మధ్యలో చేయి పట్టుకొని నడిపించాలి. జింకలకూ కోతులకూ తినుబండారాలు వేయకూడదు. మనం పారేసిన తిండి కోసం దారి పక్కకు అడవి పందులూ కుక్కలూ చేరితే, వాటి కోసం చిరుత చేరుతుంది.

ఈ దారుల చరిత్రను నడుస్తూనే నెమరు వేసుకోవచ్చు. చంద్రగిరి కోటకు దగ్గరగా ఉన్న శ్రీవారి మెట్టు దారిన విజయనగర రాజులు ఎక్కేవారని చెబుతారు. శ్రీకృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 వరకు ఏడు సార్లు ఈ కొండకు వచ్చాడు. ఇద్దరు దేవేరులతో కలిసి చేతులు జోడించి నిలుచున్న ఆయన లోహ విగ్రహం ఆలయంలో ఇప్పటికీ ఉంది. మూడో దారి ఉత్తరం నుంచి ఉంది. తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య ఆ వైపు నుంచి, మామండూరు అడవుల మీదుగా వచ్చాడని చెబుతారు. అందుకే దానికి అన్నమయ్య మార్గమని పేరు. మిగిలిన రెండు దారుల్లా అది మెట్లూ దీపాలూ ఉన్న దారి కాదు, అనుమతితో, తెలిసినవారి వెంట బృందంగా మాత్రమే నడవవలసిన అడవి బాట. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేవరకు కొండ ఎక్కాలంటే నడక, చేతకానివారికి డోలీ తప్ప వేరే దారి లేదు. ఆ రోడ్డు రూపకల్పనలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పాత్ర ఉంది. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక కొత్త దారి ఎక్కడానికి, పాత దారి దిగడానికి అయ్యాయి. చరిత్రలో వెయ్యేళ్లకు పైగా కాలినడకన తెలిసిన కొండ మన ముత్తాతల తరం తరువాతే కిటికీలోంచి చూసే కొండ అయిందన్నమాట.

పైన: తోరణం, తీర్థాలు, బంగారు బల్లి

దర్శనం అయ్యాక మిగిలిన సగం రోజును రెండు చోట్లకే ఇవ్వండి. ఆలయానికి సుమారు కిలోమీటరు దూరంలో చక్రతీర్థానికి వెళ్లే దారిలో శిలాతోరణం ఉంది. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఈ సహజ రాతి వంతెన కూడా జాతీయ భూగర్భ స్మారక చిహ్నమే. కంచె ఇవతల నిలబడి ఫొటో తీసుకొని వెళ్లిపోకుండా, అక్కడి పలకబండలను వంగి చూడండి. క్వార్ట్జైట్ పలకలు బయటపడిన చోట్ల కొన్నింటి మీద వేలెడు ఎడంతో సమాంతరంగా సాగే సన్నని గాడులు, గట్లు కనిపిస్తాయి. అల వెనక్కి తగ్గాక ఒడ్డు ఇసుక మీద ఉండే మడతలు అవి. ఆ మడత చెరగకముందే మరో పొర కప్పేయడంతో, సముద్రం పోయినా అల మాత్రం రాతిలో నిలిచిపోయింది. సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున సముద్రపు అలను చేత్తో తడమడం తిరుమలలో డబ్బు కట్టకుండా దొరికే గొప్ప అనుభవాలలో ఒకటి.

ఇక నీరు. క్వార్ట్జైట్ గట్టి రాయే కానీ నిండా పగుళ్లు ఉన్న రాయి. మీద పడిన వాన ఆ పగుళ్లలోంచి లోపలికి దిగుతుంది. కింద దిగనివ్వని పొర అడ్డొచ్చిన చోట పక్కకు పారి గోడలోంచి ఊటగా బయటపడుతుంది. అందుకే వానలు ఆగిన ఎన్నో వారాల తరువాత కూడా ఆకాశగంగ లాంటి చోట్ల నీరు జారుతూనే ఉంటుంది, అందుకే తీర్థాలన్నీ శిఖరాల మీద కాక కోనల్లో, గోడల మొదళ్లలో ఉంటాయి. ఏ తీర్థానికి ఏ ముని తపస్సు చేశాడో స్థలపురాణం చెబుతుంది, ఆ ముని అక్కడే ఎందుకు కూర్చున్నాడో ఈ రాయి చెబుతుంది. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాలు పట్టి ఉంచే వాన నీరే కొండ మీది జనానికి పెద్ద ఆధారం. పాపవినాశనం వెళ్లేవారు స్నానాల గట్టు దగ్గరే ఆగిపోకుండా, జలాశయం వైపు నుంచి చుట్టూ ఉన్న అడవి వాలులను చూసి రావాలి.

తిరుమలలో ఒక ప్రాణిని చూస్తే యాత్ర ఫలించినట్టే అని నేను అనుకుంటాను, అది బంగారు బల్లి. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా పనిచేసిన బెడోమ్ 1870లో తిరుపతి కొండల నుంచే దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఎండ తగలని రాతి పగుళ్లు, తేమ ఉన్న గుహ కప్పులు దీనికి ఇష్టం. పగలు దీని కోసం వెతకడం వృథా. సాయంత్రం చీకటి పడే వేళ బండల నెర్రెల దగ్గర కదలకుండా నిలబడితే ముందు అరుపు వినిపిస్తుంది, తరువాత పసుపు మెరుపు కనిపిస్తుంది. బల్లి కనిపించకపోయినా దాని గుడ్లు కనిపించే అవకాశం ఎక్కువ. తెల్లని చిన్న గోళీల్లా, రాతి కప్పుకు అంటించినట్టు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక్క తల్లివి కావు, ఎన్నో ఆడబల్లులు ఒకే చోట పెట్టినవి. వాటిని తాకకూడదు, దగ్గరగా ఫ్లాష్ వెలిగించకూడదు.

దిగేటప్పుడు పాత ఘాట్ రోడ్డున బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకొని, పొరల గోడ పోయి గుండ్రని బండలు మొదలయ్యే చోటును గమనించండి. పొద్దున కింద నుంచి చూసిన గీతను ఈసారి పైనుంచి కిందికి దాటుతారు.

ఎర్రచందనాన్ని గుర్తుపట్టడం

ఈ అడవి పేరు వినగానే పత్రికలు చదివేవారికి గుర్తొచ్చేది ఎర్రచందనమే. కానీ పత్రికలో దుంగను చూసినవారే తప్ప నిలబడి ఉన్న చెట్టును చూసి గుర్తుపట్టేవారు తక్కువ. గుర్తుపట్టడం కష్టం కాదు. బెరడు నలుపు కలిసిన గోధుమ రంగులో, మొసలి వీపులా చదరాలు చదరాలుగా పగిలి ఉంటుంది. ఒక్కో కాడకు సాధారణంగా మూడు గుండ్రని ఆకులు, కొసన చిన్న నొక్కు. ఎండకాలం మొదట్లో ఆకు రాల్చి, ఏప్రిల్, మే నెలల్లో పసుపు పూలు పూస్తుంది. కాయ మధ్యలో ఉబ్బుగా, చుట్టూ పలుచని రెక్కతో బిళ్లలా ఉండి గాలికి ఎగిరిపోతుంది. బయట నుంచి చూస్తే చెట్టులో ఎరుపు ఎక్కడా కనిపించదు. ఎరుపంతా లోపలి చేవలో ఉంటుంది, ఆ చేవ నీటిలో వేస్తే మునిగేంత బరువు.

ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలోని ఈ కొండల్లో, వాటి ఇరుగుపొరుగున మాత్రమే. లోతైన మంచి నేల దీనికి అక్కర్లేదు. క్వార్ట్జైట్ విరిగి పడిన రాళ్ల వాలు, ఎండ, నీరు నిలవని నేల కావాలి. బీడులా కనిపించే రాతి వాలే దాని ఇల్లు. అదే లక్షణం దాని మెడకు ఉచ్చయింది, ఎందుకంటే వేరే దేశాల్లో వాద్యాలకూ గృహోపకరణాలకూ ఈ కలప కోరేవారికి ఇంకెక్కడా అది దొరకదు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద, ముప్పున్న జాతుల కోసం దేశాలు చేసుకున్న సైటీస్ ఒప్పందపు నియంత్రణ ఉన్నా దొంగరవాణా ఆగలేదు. 2013 డిసెంబరులో ఈ అడవిలో ఇద్దరు అటవీ అధికారులు స్మగ్లర్ల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. యాత్రికులకు దీని నుంచి వచ్చే ఆచరణ సూత్రం ఒక్కటే: అనుమతి లేకుండా అడవిలో పక్కదారి పట్టవద్దు. సంచి వేసుకొని కొత్త ముఖంతో కోనలో తిరిగేవారిని సిబ్బంది అనుమానించడంలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఎర్రచందనం చెట్టును చూడాలంటే తలకోన, మామండూరు వైపు వెళ్లే దారుల పక్కనే చూడవచ్చు. లోపలికి పోనవసరం లేదు.

ఇదొక్కటే కాదు. కొండ సాంబ్రాణి, తెల్ల కరక, మొగి నేరేడు, జాలారి వంటి చెట్లు ఈ రాళ్లకే అలవాటుపడినవి. ఇక్కడి పేరిత అనే సైకస్ మొక్క చిన్న తాటి మొక్కలా కనిపిస్తుంది. పూలు పూసే మొక్కలు భూమి మీద పుట్టకముందు నాటి కుటుంబం దానిది, శాస్త్రీయ నామంలో మళ్లీ ఆ బెడోమ్ పేరే ఉంటుంది. ఇక్కడి గిరిజనులైన యానాదులకు ఈ మొక్కలన్నింటి మందు గుణాలూ, తేనె పట్టే కాలాలూ, తినదగిన గడ్డల జాడలూ తరతరాలుగా తెలుసు. మరోవైపు తిరుమల పరిసరాల్లో పచ్చదనం కోసమని ఒకప్పుడు విరివిగా నాటిన ఆస్ట్రేలియా అకేసియాను ఇప్పుడు తొలగించి స్థానిక జాతులు నాటాలని నిర్ణయించారు. దూరం నుంచి రెండూ పచ్చగానే ఉంటాయి. దగ్గరికి వెళ్లి కింద ఏమి మొలిచిందో చూస్తే తేడా తెలుస్తుంది.

మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చాక ఈ అడవులు రిజర్వు అడవులయ్యాయి. జాతీయ ఉద్యానవనం హోదా 1989లో, బయోస్ఫియర్ రిజర్వు హోదా 2010లో వచ్చాయి. ఈ తేదీల కంటే ముందు కొండను కాపాడింది కొండ మీది దేవుడి పట్ల భయభక్తులేనని చాలామంది అంటారు. అందులో సగం నిజం ఉంది. మిగిలిన సగం, నడిచి ఎక్కవలసి రావడం వల్ల వచ్చిన రక్షణ.

తలకోన, ఏ కాలంలో

తిరుపతి నుంచి రంగంపేట, భాకరాపేట, నెరబైలు మీదుగా తలకోనకు వెళ్లాలి. సొంత వాహనమో, కిరాయి కారో ఉంటే తెల్లవారి బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అటవీ శాఖ వసతి ముందుగా కుదుర్చుకుంటే ఒక రాత్రి ఉండటం ఎంతో మేలు. సిద్ధేశ్వరస్వామి ఆలయం దాటి నడిస్తే 270 అడుగుల జలపాతం కనిపిస్తుంది. ఇక్కడ రాయి, నీరు, చెట్టు మూడూ ఒకే చూపులో ఉంటాయి: పొరల గోడ, దాని అంచు నుంచి దూకే ధార, అడుగున తేమకు పెరిగిన ఎత్తైన చెట్లు. దారిలో మనిషి నడుమంత లావున మెలికలు తిరిగి చెట్ల మీదుగా పాకిపోయే గిల్లతీగను తప్పక చూడాలి. దాని కాయ మీటరుకు పైగా పొడవు పెరుగుతుంది. అడవి దట్టమైన చోట చెట్ల కొమ్మల వైపు ఓపికగా చూస్తే బెట్టుడుత అనే పెద్ద అడవి ఉడుత కనిపించవచ్చు. దేవాంగపిల్లి కూడా ఈ అడవుల్లోనే ఉంది కానీ అది రాత్రి తిరిగే ప్రాణి, పగటి యాత్రికుడికి కనిపించదు. గుండాలలో ఈత కొట్టవద్దు. పైకి చిన్నగా కనిపించే గుండం లోపల బండల సందులు ఉంటాయి, ఇక్కడ మునిగి చనిపోయినవారు ఉన్నారు.

కాలం సంగతి. శేషాచలానికి ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తుంది. కుండపోత రోజుల్లో కొండకు దూరంగా ఉండటమే మంచిది: 2021 నవంబరు వరదలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి 2022 మే వరకు మూతపడింది, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. మార్చి నుంచి ఆకు రాలిన అడవి నిప్పుకు సిద్ధంగా ఉంటుంది. 2014 మార్చిలో తిరుమల పక్క అడవి అంటుకుంటే ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. ఊటలు ఇంకా పారుతుంటాయి, ఆకు ఇంకా రాలదు, ఎండ చురుక్కుమనదు. వైకుంఠ ఏకాదశి రద్దీ రోజులను మాత్రం పంచాంగం చూసి తప్పించుకోండి.

లోపలి కోనలకు సామాన్యులు వెళ్లగలిగే రోజులు

ఉద్యానవనం లోపలి కోనలు మామూలు రోజుల్లో యాత్రికులకు మూసే ఉంటాయి. అయితే ఏడాదిలో కొన్ని పున్నములకు తీర్థ ముక్కోటి జరుగుతుంది: పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. ఆ రోజుల్లో భక్తులను పాపవినాశనం వైపు నుంచి అడవిలోకి అనుమతిస్తారు. చట్టాన్ని దాటకుండా శేషాచలం నడిబొడ్డును చూడాలనుకునేవారికి ఇంతకు మించిన అవకాశం లేదు.

మూడింటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను తుంబురును ఎంచుకుంటాను. కొండ నిలువునా చీలినట్టున్న ఇరుకు సందులో, రెండు పక్కలా పొరల గోడల నడుమ, నీటిలో కాళ్లు పెట్టి నడుస్తూ తీర్థం చేరాలి. తల ఎత్తితే ఆకాశం ఒక పేలికలా కనిపిస్తుంది. నడక కష్టమైనది. గుండె జబ్బు, ఆయాసం, అధిక రక్తపోటు ఉన్నవారూ, చిన్నపిల్లలూ వెళ్లకూడదు. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, రబ్బరు చెప్పులతో నాచు బండల మీద నిలబడలేరు. ఫాల్గుణానికి ఎండ ముదిరి ఉంటుంది కనుక నీటిని స్టీలు సీసాలో తీసుకెళ్లండి. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలపై నిషేధం ఉంది. అగ్గిపెట్టె, కర్పూరం వెంట తీసుకోవద్దు, ఎండుటాకుల నడుమ ఒక్క నిప్పురవ్వ చాలు. సెల్‌ఫోన్ సిగ్నల్ కోనలో ఉండదు, కాబట్టి ఎవరు ఎక్కడ కలుసుకోవాలో అడవిలో అడుగు పెట్టకముందే అనుకోండి. కోనల్లో చీకటి తొందరగా పడుతుంది. గోడ మీద ఎండ సగానికి పైకి ఎక్కిందంటే, తీర్థం ఇంకా అందకపోయినా సరే, వెనక్కి తిరగాలి.